బేకార్ మంగళవారం

కరీంనగర్,
20 జనవరి 1963.

అక్కా,

నమస్కారాలు. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. నాలుగు వాక్యాలు రాసేలోపు దగ్గు వచ్చి కలం ఎటో పోతున్నది. ఈ కాగితం మీద కనబడే సిరా మరకలన్నీ నా దగ్గులే. చదివేటప్పుడు వాటిని కూడా కలుపుకుని చదువుకో.

నా ఆయాసం అట్లాగే ఉంది. హకీం సాబ్ మొన్న నాడి చూసి, "బీబీకి హవాఖోరీ గావాలె. పొద్దూకి జర చల్లగాలికి తిప్పుండ్రి" అన్నారు. మీ మరిది గారికి ఇంకేం కావాలి? హవాఖోరీ అన్న మాట హకీం నోట్లో ఉండగానే కారు తుడిచే గుడ్డ ఈయన చేతిలో ఉంది.

నువ్వు మా కారును ఒక్కసారే చూశావు, అదీ ఆగి ఉన్నప్పుడు. పోలీసు చర్య తర్వాత ఒక జాగీర్దారు ఊరు విడిచిపోతూ వదిలించుకున్న పాత విలాయతీ బండి అది. దాన్ని లేపాలంటే ముందు ఈయన హ్యాండిలు తిప్పుతారు. అది తుమ్ముతుంది. అప్పుడు మా పాలేరు మల్లన్న, ఇంకో నలుగురు కలిసి వెనక నుంచి తోస్తారు. నల్లటి పొగ ఒక్కసారిగా లేచి, వాకిలి నింపి, వరండా దాటి, తీరిగ్గా నేనున్న గదిలోకి వస్తుంది. ఆ తర్వాత నన్ను తీసుకుపోయి వెనక సీట్లో కూర్చోబెడతారు. ఆ సీటు కింద ఎక్కడో చిల్లి ఉంది. సగం పొగ గొట్టంలోంచి ఊరికి పోతుంది, మిగతా సగం నాకు. మానేరు ఒడ్డు దాకా పోయి వస్తాం. ఇన్నేళ్ళలో నేను మానేరును సరిగా చూసింది లేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంటాను. ఇంటికి వచ్చాక దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. "చూసినవా, హవా సరిపోతలేదు. రేపు జర దూరం పోదాం" అంటారు ఈయన.

చెప్పరాదా అంటావు. ఎట్లా చెప్పను? ఆ కారు వెనక నా పేరు రాయించారు అక్కా. పసుపు రంగుతో, అరచేయంత అక్షరాలు: లీలాబాయి. ఇప్పుడు పేటలో దాన్ని ఎవరూ కారు అనరు. "లీలాబాయి లేస్తలేదు, ఇంక గట్టిగ తొయ్యుండ్రి" అని మల్లన్న కేకలు వేస్తాడు. "లీలాబాయి పొద్దుగాల్నే మస్తు పొగ ఇడుస్తున్నది" అని ఎదురింటి వకీలు దయాకర్‌రావు గారు నడివీధిలో అంటారు. మొదట్లో సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ పేరు రాయించిన రోజు ఈయన మొహం చూశాను కదా! పెళ్ళయిన దగ్గర నుంచి ఈయన నాతో ముద్దుగా ఒక్క మాట అనలేదు. కోపం ఉండి కాదు, రాదు అంతే. ఆ పసుపు అక్షరాలే ఈయన అనగలిగిన మాట. దాన్ని చూపించి, దీని వల్ల నాకు ఊపిరాడటం లేదని ఏ నోటితో అనను?

మొన్న గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చింది. లోపలికి పోయిన గాలి బయటికి రానని మొండికేసింది. భయం వేసింది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ చెల్లె
లీల

ఆదిలాబాద్,
2 ఫిబ్రవరి 1963.

లీలా,

దీర్ఘసుమంగళీభవ అని రాయబోయి ఆగాను. ముందు దీర్ఘంగా ఊపిరి పీల్చు, మిగతావి తర్వాత చూసుకుందాం.

పేరు రాయించాడని కరిగిపోతున్నావు. మీ బావ మా పాడిబర్రెకు నా పేరు పెట్టారు, తెలుసు కదా? "సీతాబాయి ఇయ్యాల తన్నింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతారు. అయితే మాత్రం ఆ ప్రేమకు పొంగిపోయి నేను పోయి కొట్టంలో పడుకుంటున్నానా? మా వంట రామవ్వకు నీ సంగతి చెబితే, "అగ బాయీ! పేరు వెట్టిండని పానం ఇడుస్తరా ఎవలన్న?" అని ముక్కు మీద వేలు వేసుకుంది. ఆమె మరాఠ్వాడా నుంచి వచ్చిన మనిషి, మనలాగా నసగడం రాదు.

నీ మొగుడు చెడ్డవాడు కాదు. జలపతిరావు అంత మెత్తటి మనిషి మన రెండు వైపులా లేడు. ఆ మెత్తటి మనిషికి ఎదురుగా నిలబడి "ఏమండీ, మీ కారు పొగ నాకు పడదు" అని ఒక్క ముక్క చెప్పడానికి నీకు వచ్చిన కష్టమేమిటో నాకు అర్థం కాదు. నీకు చాతకాకపోతే అదీ చెప్పు, ఇంకో దారి వెతుకుతాను.

పోయిన వారం నిర్మల్‌లో పెళ్ళికి వెళ్ళాం. మీ ఎదురింటి దయాకర్‌రావు గారు కూడా వచ్చారు. మీ బావ పక్కనే బంతిలో కూర్చుంటే నేనే వడ్డించాను. లండన్ నగరంలో పొగకు జనం ఊపిరాడక చచ్చిపోతున్నారని పత్రికల్లో వచ్చింది చూడు, ఆ మాట వచ్చింది. పెద్దాయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. పప్పు వడ్డిస్తే పప్పు చూసుకోలేదు, పెరుగు వడ్డిస్తే పెరుగు చూసుకోలేదు. ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను, మరేం లేదు.

మిరియాల కషాయం మానకు.

అక్క
సీత

కరీంనగర్,
27 ఫిబ్రవరి 1963.

అక్కా,

నమస్కారాలు. ఇక్కడ జరిగింది ఎక్కడి నుంచి మొదలుపెట్టి రాయాలో తెలియడం లేదు.

దయాకర్‌రావు గారు నిర్మల్ నుంచి వచ్చిన మరునాడే ఒక కమిటీ పెట్టారు. వకాలత్ మానేసిన దగ్గర నుంచి ఆయనకు కమిటీలు లేనిదే ముద్ద దిగదు. పోయినేడు కోతుల కమిటీ పెట్టారు, కోతులు రాలేదు. ఈసారి పెట్టింది 'హవా సుధార్ కమిటీ'. గాలిని బాగుచేసే కమిటీ అన్నమాట. మొదటి సభలో లేచి, "లండన్ల అంత పెద్ద పెద్దోళ్ళు పొగకు ఊపిరాడక సస్తున్నరు. మన పేట లండన్ కంటె ఎందుల తక్కువ?" అన్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందులో తక్కువో ఎవరికీ తోచలేదు.

తీర్మానం ఏమిటంటే, గాలికి విశ్రాంతి ఇవ్వడం కోసం ప్రతి మంగళవారం పేటలో కార్లన్నీ రోడ్డెక్కకుండా ఆగిపోవాలి. అక్కా, మా పేటలో కార్లన్నీ అంటే ఒక్కటే. ఈయన లేచి అడిగారట. "కార్లు అని రాసిండ్రు. నాదొక్కటేనాయె. తక్కినయి ఎవలయి?" అని. "హుకుం అన్నది ఒక్కని మీద రాస్తరా జలపతీ? అందరి మీద రాస్తరు" అన్నారు వకీలు గారు. ఈయనను మెత్తబరచడానికి కమిటీకి ఉపాధ్యక్షులను చేశారు. ఉపాధ్యక్షులు అన్నాక తీర్మానం మీరితే ఏం బాగుంటుంది? ఒప్పుకుని వచ్చి కారు తుడుచుకున్నారు.

వచ్చిన తంటా పేరు దగ్గర. వకీలు గారిది పాత ఉర్దూ చదువు కదా, ఆ రోజుకొక మంచి పేరు తానే కల్పించారు. "ఉర్దూల 'బే' అంటె లేకుండ. కారు లేని దినం గనుక బే-కార్ దినం" అని డప్పు మొండయ్యకు చెప్పి చాటింపు వేయమన్నారు. మొండయ్య తల ఊపి, "గదే గద దొరా, బేకార్. నాకెరుకనే" అని పోయాడు. సోమవారం పొద్దూకి పేటంతా తిరిగి వాడు వేసిన చాటింపు నేను చెవులారా విన్నాను. "ఇనుండ్రి! రేపు మంగళారం పేటల బేకార్ దినం! అందరు బేకార్ ఉండాలె! తప్పినోళ్ళకు జుర్మానా పడ్తదీ!"

తెల్లవారింది. బుచ్చవ్వ అంట్లకు రాలేదు. పాలు రాలేదు. చాకలి ముత్యం మైల బట్టల మూట అరుగు మీద వదిలేసి, దాని మీదే కూర్చున్నాడు. బడిపంతులు పిల్లలను వెనక్కి పంపి తాను కూడా వాళ్ళతో పాటు ఇంటికి పోయాడు. మల్లన్నను పిలిస్తే గేటు బయట నుంచే, "అమ్మా, ఇయ్యాల నేను బేకార్ గద. పని జేస్తె జుర్మానా ఏస్తరట" అన్నాడు. క్షవరం చేసే లచ్చయ్య మాత్రం బాధపడిపోయాడు. మంగళవారం ఎట్లాగూ ఎవరూ క్షవరం చేయించుకోరు, కనుక కమిటీ తనకు అన్యాయం చేసిందని, తనకు మటుకు బుధవారం ఇప్పించాలని వకీలు గారి అరుగు ఎక్కాడు.

ఈయన పోయి, "వకీల్ సాబ్, మాట తప్పుగ పోయింది. దిద్దుండ్రి" అన్నారు. ఆ పాటికి జనం దయాకర్‌రావు గారి మెడలో బంతిపూల దండ వేసి ఉన్నారు. ఇన్ని కమిటీలు పెట్టినా ఆయన మెడలో దండ పడటం ఇదే మొదలు. ఆయన దండ సవరించుకుంటూ, "ఉండనీ జలపతీ, హవా కోసమే గద" అన్నారు.

నీ చెల్లె
లీల

ఆదిలాబాద్,
8 మార్చి 1963.

లీలా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయన వెంటనే బర్రె దగ్గరికి పోయి, "సీతాబాయీ, నీకు సుత మంగళారం బేకార్ కావాల్నా?" అని అడిగి వచ్చారు. ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళకు రెండు రోజులు ఇదే కబురు. మా రామవ్వ మూట సర్దుకుని మీ పేటకు వచ్చి బతుకుతానంటున్నది.

అదంతా సరే. ముత్యం గురించి రాశావు, లచ్చయ్య గురించి రాశావు, దండ ఏ పువ్వులదో కూడా రాశావు. ఆ మంగళవారం నీకు ఊపిరాడిందా లేదా, ఆ ఒక్క ముక్క రాయలేదు. నేను ఎదురుచూసింది దాని కోసమే. కారు ఆగింది కదా? పొగ ఆగింది కదా? మరి దగ్గు?

నువ్వు చిన్నప్పటి నుంచి అంతే. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ దారి ఎంత బాగుందో చెప్పేదానివి. నాకు దారి వద్దు. ముల్లు సంగతి రాయి.

అక్క
సీత

కరీంనగర్,
20 మార్చి 1963.

అక్కా,

ముల్లు సంగతే రాస్తున్నాను.

కారు ఆగలేదు. రోడ్డు ఎక్కలేదు, అంతే. మొదటి మంగళవారం పొద్దున్నే ఈయన వాకిట్లో హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టారు. ఇదేమిటంటే, "ఒక్క దినం ఊకె నిలవెడితె ఇంజను పట్టుకపోతది లీలా. హుకుం రోడ్డుకే, వాకిలికి గాదు. ఉపాధ్యక్షుని నేను, నాకెరుకలేదా?" అన్నారు. తోయడానికి మల్లన్న లేడు కనుక, హ్యాండిలుతోనే ఎట్లాగో లేచిన ఇంజనును ఆపితే మళ్ళీ లేవదని, పొద్దుగూకేదాకా ఆపకుండా నడిపారు. మిగతా రోజుల్లో సగం పొగ అయినా ఊరికి పోయేది. మంగళవారం మొత్తం నాకే.

దానికి తోడు, పని లేని మగవాళ్ళంతా కూర్చోవడానికి మా గోడ నీడ వెతుక్కున్నారు. బీడీల మీద బీడీలు, చుట్టల మీద చుట్టలు. చెత్త పోగేసి కాల్చుకుంటూ కబుర్లు. పేటలో అంత పొగ నేనెన్నడూ చూడలేదు. గాలి ఎంత బాగుపడిందో తెలుసుకోవడానికి దయాకర్‌రావు గారు చౌరస్తాలో ఒక తెల్లటి ధోవతి కట్టించారు. మంగళవారం పొద్దూకి దాన్ని చూసి ఎంత నల్లబడిందో కమిటీకి చెబుతారు. దాన్ని ఉతకవలసింది ముత్యం. చూడవలసింది మంగళవారం, ఆ రోజు ముత్యం బేకార్. తక్కిన రోజుల్లో చౌరస్తా బట్ట తన పని కాదంటాడు. కనుక అదే ధోవతి వారం వారం నల్లబడుతున్నది. గాలి చెడిపోతున్నది కాబట్టి నిబంధన ఇంకా గట్టిగా పాటించాలని కమిటీ నిశ్చయించింది. ఇప్పుడు గోడ కింద కూర్చున్నవాళ్ళకు బేకార్ అసలు అర్థం కూడా తెలిసిపోయింది. కారు కదలకపోతేనే బేకార్ అని. దాంతో మంగళవారం మా గేటు దగ్గర కాపలా కాస్తున్నారు, కారు పొరపాటున బయటికి పోతే తమ సెలవు పోతుందని.

పోయిన మంగళవారం నేను దేవుని గదిలో పడిపోయాను అక్కా. దీపం వెలిగిస్తూ ఉంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. లేచేసరికి ఈయన నా తల ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసురుతున్నారు. "మంగళారం హవాఖోరీ బందయినందుకే గిట్లయింది. నేను ఊకోను" అన్నారు. లేచి అప్పటికప్పుడు కమిటీకి అర్జీ రాశారు. భార్య ఆయాసం దృష్ట్యా మంగళవారం కూడా కారు తిప్పడానికి అనుమతి ఇవ్వాలని. నా ప్రాణం కోసం ఆయన పోరాడుతున్నది దేనికో చూశావా?

అప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. నుదుటి మీద ఆయన చెయ్యి ఉంది. చెప్పలేకపోయాను.

లీల

ఆదిలాబాద్,
30 మార్చి 1963.

లీలా,

ఇక దాచి లాభం లేదు. లండన్‌ను కరీంనగర్‌కు తెచ్చింది నేనే.

నిర్మల్ బంతిలో ఆ మాట ఊరికే రాలేదు. పత్రిక చదివినప్పటి నుంచి నా మనసులో ఉంది. దయాకర్‌రావు గారి కమిటీల పిచ్చి తెలుసు కాబట్టి, పప్పు వడ్డిస్తూ, "ఎంత పొగకు ఎంత మంది పోయిండ్రో అన్నా, మన దిక్కు ఎవలన్న పెద్దమనిషి పట్టించుకుంటె మంచిగుండు" అన్నాను. అంతే. నువ్వు చెప్పలేని మాట ఊరి చేత చెప్పిద్దామనుకున్నాను. కారు ఆగుతుంది, నీకు ఊపిరాడుతుంది, ఎవరి మనసూ నొప్పి పడదు అనుకున్నాను. తెలివి అనుకున్నాను. ఒక్క మనిషి నోరు విప్పి ఇంకో మనిషికి చెప్పవలసిన మాటను పదిమంది చేత చెప్పిస్తే ఏమవుతుందో ఇప్పుడు చూశాను. చాకలికి సెలవు వచ్చింది, నీకు పొగ వచ్చింది.

నీ ఉత్తరం చదివి ఆ రోజు అన్నం తినలేదు. మనల్ని కన్న అవ్వ ఎట్లా పోయిందో నీకు గుర్తుండదు, చిన్నదానివి. ఆమెకూ ఇదే ఆయాసం. పొయ్యి దగ్గర కూర్చోలేకపోయేది. "ఏం లేదు బిడ్డా, జర పొగ" అని నవ్వేది. ఆమె అట్లా నవ్వుతూనే పోయింది. బాపుకు చివరిదాకా తెలియదు. తెలిశాక బతికినన్నాళ్ళూ ఆ పొయ్యి వైపు చూడలేదు. నువ్వు నీ మొగుడికి అదే రాసిపెడుతున్నావు. ప్రేమ అనుకుంటున్నావేమో, కాదు. ఆయన్ను మోసం చేస్తున్నావు.

ఆ అర్జీ విచారణకు వచ్చేలోపు చెప్పు. లేకపోతే నేను బస్సెక్కి వచ్చి మీ చౌరస్తాలో ఆ ధోవతి కింద నిలబడి చెబుతాను. నాకు కోపంగా ఉంది, భయంగానూ ఉంది. రెండూ నీ మీదే.

అక్క

కరీంనగర్,
17 ఏప్రిల్ 1963.

అక్కా,

నిన్న అయిపోయింది.

కమిటీ గది ఊడ్చేవాడు బేకార్ కనుక సభ మా వాకిట్లోనే పెట్టారు. కుర్చీలు వేసేవాళ్ళు లేక దయాకర్‌రావు గారే తన కుర్చీ నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి వచ్చారు. పని లేదు కనుక పేటంతా వచ్చింది. మంగళవారం కనుక పక్కన ఇంజను నడుస్తున్నది. దాని మోతకు ఒకరి మాట ఒకరికి వినబడక అందరూ అరుస్తున్నారు. నేను తలుపు పరదా వెనక పీట వేసుకుని కూర్చున్నాను, ముక్కు మీద తడిగుడ్డ పెట్టుకుని.

ముందు లచ్చయ్య లేచాడు. "లీలాబాయి మంగళారం కదిలిందంటె మా బేకార్ పోతది. మేం ఒప్పుకోం" అన్నాడు. తనకు ఆ రోజుతో వచ్చే లాభం ఏమీ లేకపోయినా గొంతు అందరికంటే పెద్దదని వాడిని పంపారు.

"లీలాబాయికి ఆయాసం ఉన్నది. గాలికి తిప్పాలె!" అని అరిచారు ఈయన.

"దానికి ఆయాసమేంది దొరా? ఇంజనుల చెత్త వడ్డది. విప్పి సాఫ్ చేపియ్యుండ్రి" అన్నాడు ముత్యం.

"కారు గాదురా! మా ఇంటామె!"

"గామెను గూడ పట్నం దీస్కపోయి చూపియ్యుండ్రి, ఎవలు వద్దన్నరు?"

దయాకర్‌రావు గారు కాగితం మీద చెయ్యి పెట్టి, "అర్జీల లీలాబాయికి ఆయాసం అని ఉన్నది. లీలాబాయిని తిప్పాలె అని ఉన్నది. యే లీలాబాయికి ఆయాసం, యే లీలాబాయిని తిప్పాలె, సాఫ్ సాఫ్ రాయకుంటె తీర్మానం నిలువది" అన్నారు. ఈయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరదా సందులోంచి కనబడింది. "నా భార్య సస్తున్నది వకీల్ సాబ్" అన్నారు. అరవలేదు, మామూలుగా అన్నారు. ఎవరికీ వినబడలేదు. నాకు వినబడింది.

అంత మంది మగవాళ్ళ ముందుకు నేనెన్నడూ రాలేదు. లేచి పరదా తీసి వాకిట్లోకి వచ్చాను. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా అందరూ నిలబడ్డారు. తర్వాత ఈయన వైపు చూడకుండా, కారు వైపు చూస్తూ అన్నాను. "గిది ఇడిసే పొగకే నాకు ఊపిరాడ్తలేదు. ఇయ్యాల గాదు, వచ్చిన నాటి సంది. గీ ఇంట్ల ఒక్క లీలాబాయే బతుకుతది. యేది గావాల్నో ఆయననే అడుగుండ్రి."

ఈయన పోయి ఇంజను ఆపారు. అంతే. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. లచ్చయ్య గేటు దగ్గర ఆగి, "గిప్పుడు బేకార్ ఉన్నట్టా, లేనట్టా?" అని మెల్లగా అడిగాడు.

అందరూ పోయాక ఈయన అడిగారు. "ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలె?"

"నా పేరు రాపిస్తిరి. దాన్ని ఎట్ల కాదందు?" అన్నాను.

ఆయన పోయి ఆగిన కారులో స్టీరింగు ముందు కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళ అన్నానికి పిలిస్తే రాలేదు. ఈ రోజు కూడా మాట్లాడలేదు. నువ్వు చెప్పమంటే చెప్పాను అక్కా. ఆయన మనసు విరిచేశానేమోనని పొద్దున్నుంచి ఏడుస్తున్నాను. పొగ మాత్రం లేదు.

లీల

ఆదిలాబాద్,
25 ఏప్రిల్ 1963.

లీలా,

నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను. సంతోషంతో అని మీ బావకు చెప్పాను, అది సగమే నిజం.

మంచి పని చేశావు. మనసు విరిగితే అతుక్కుంటుంది, ఆయనకు నువ్వుండాలి ముందు. జలపతిరావు ఇంకా మాట్లాడటం లేదా? నాలుగు రోజులు చూసి బస్సెక్కి వచ్చేయి. మేడ మీది గది ఖాళీ చేయించాను. రెండు వైపులా కిటికీలు, చుట్టూ చెట్లే. రామవ్వ నీ కోసం అల్లం, తేనె పెట్టి కూర్చుంది. ఆయన మీద అలిగి రావద్దు, చెప్పి రా. ఇకనైనా చెప్పడం అలవాటు చేసుకో.

వెంటనే జవాబు రాయి.

అక్క

కరీంనగర్,
12 మే 1963.

అక్కా,

నమస్కారాలు. గది తాళం వేసి ఉంచు, ఇప్పుడు రాను. ఎందుకో చెబుతాను.

ఈయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కారు బయటికి తీయలేదు, తుడవలేదు కూడా. ఒక పొద్దున మెకానిక్‌ను, మల్లన్నను పిలిచి కారు మూత విప్పించారు. తాళ్ళు కట్టి ఇంజను పైకి లాగించారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, నా ఒంట్లోంచి ఏదో తీస్తున్నట్టు అనిపించింది. దాన్ని గోనెపట్టాలో చుట్టించి పశువుల కొట్టంలో పెట్టించారు. నా పేరు కూడా గీకించేస్తారని ఎదురుచూశాను. దాన్ని ముట్టుకోలేదు. ముందు భాగంలో ఒక కాడి బిగించి, మల్లన్న చేత పొలం ఎడ్లను తెప్పించి కట్టించారు.

దయాకర్‌రావు గారు పరుగున వచ్చారు. ఇది కారా, ఎడ్లు లాగే కచ్చురమా అన్న మీద కమిటీ ఒక పూటంతా కూర్చుంది. చివరికి వకీలు గారే తేల్చారు. "ఇంజను లేనిది కారు గాదు. గది కారు గాకుంటె పేటల కారే లేదు. కారే లేదంటె ఏడు దినాలు బే-కార్!" మొండయ్య అప్పుడే డప్పు అందుకున్నాడు. జనం ఈలలు వేశారు. అంతలో ముత్యం పెళ్ళాం గుంపులోంచి, "ఏడు దినాలు బేకార్ ఉంటె తినుడెట్ల? నీ కమిటీ వండి పెడ్తదా?" అని అడిగింది. ఈలలు ఆగిపోయాయి. మరునాటి నుంచి అందరూ పనుల్లోకి పోయారు, మంగళవారం కూడా. బుచ్చవ్వ ఒక్కతే నాలుగు రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది.

నిన్న పొద్దూకి ఈయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "హవాఖోరీకి పోదామా?" అన్నారు. ఇన్నాళ్ళకు అదే మొదటి మాట. ఎప్పటిలాగే వెనక సీట్లో కూర్చున్నాను. ఈయన స్టీరింగు ముందు కూర్చున్నారు. మల్లన్న ముగుదాళ్ళు పట్టుకుని ఎడ్ల ముందు నడిచాడు. పేట అంతా అరుగుల మీద నిలబడి చూసింది. నాకు సిగ్గు వేయలేదు. మానేరు వైపు నుంచి వచ్చిన గాలి తెరిచిన కిటికీలోంచి నేరుగా మొహానికి తగిలింది. నీటి వాసన, తడి ఇసుక వాసన. వాటికి వాసన ఉంటుందనే నాకు తెలియదు. గుండె నిండా పీల్చుకున్నాను. పీల్చుకున్నదంతా బయటికి వచ్చింది. మళ్ళీ పీల్చుకున్నాను.

ఊరు దాటాక, నన్ను వెనక్కి తిరిగి చూడకుండానే ఈయన అడిగారు. "ఊపిరి మంచిగ ఆడ్తుందా లీలా?"

హకీం అడిగాడు, నువ్వు ప్రతి ఉత్తరంలో అడిగావు. ఈయన అడగడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ అడగకుండానే మందు ఇప్పించారు. "ఆడ్తుంది" అన్నాను.

ఆ తర్వాత చాలా దూరం ఎడ్ల గిట్టల చప్పుడు, చక్రాల చప్పుడు. అప్పుడు ముందు సీట్లోంచి సన్నగా ఏదో మోత వినబడింది. ఏమిటా అని కొంచెం ముందుకు వంగి చూశాను. ఈయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, నేను వినడం లేదనుకుని, నోటితో ఇంజను మోత చేస్తున్నారు అక్కా! "బుర్ర్... బుర్ర్ర్..." అని. ఎత్తు వచ్చిన చోట గొంతు పెంచుతున్నారు. దిగుడు వచ్చిన చోట గేరు మార్చి తగ్గిస్తున్నారు. ఒక చోట ఎడ్లు ఆగితే, ఇంజను ఆగిపోయినట్టు తుమ్మి, మళ్ళీ లేపారు.

ఇక ఆగలేకపోయాను. పకపకా నవ్వాను. ఈయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు, మొహం ఎర్రగా కందిపోయింది. కాసేపటికి తానూ నవ్వడం మొదలుపెట్టారు. మల్లన్న ఎడ్లను ఆపి మా ఇద్దరి వైపు బిత్తరపోయి చూశాడు. నడిరోడ్డు మీద కొంగు జారినా చూసుకోకుండా నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి గానీ దగ్గు రాలేదు.

నీ చెల్లె
లీలాబాయి